పాట పుట్టిన గదికి అద్దె

సభకు నమస్కారం.

మహానగరంలో ఒక పేట ఎలా బతుకుతుంది, ఆ బతుకులోంచి కళ ఎలా వస్తుంది అన్నది నాకిచ్చిన విషయం. దీన్ని గాలిలో మాట్లాడితే అందమైన మాటలే మిగులుతాయి. అందుకని ఒకే నగరాన్ని పట్టుకుంటాను. న్యూయార్క్. అక్కడి కొన్ని పేటలు, ఆ పేటల్లోని గదులు, ఆ గదుల అద్దెలు. అద్దె అన్న మాట ఈ సాయంత్రం మీకు చాలాసార్లు వినిపిస్తుంది. కళ గురించి మాట్లాడమంటే అద్దె లెక్కలు చెబుతున్నారేమిటని అనుకోకండి. ఆ నగరపు సంగీతం గురించి చదివినకొద్దీ నాకు అద్దె చీటీ కనబడుతూనే వచ్చింది.

మాన్‌హట్టన్ పడమటి భాగంలో, 60ల నంబర్లున్న వీధుల్లో, లింకన్ సెంటర్ ఉంది. ఒపేరా, సింఫనీ, బాలే, నాటకం, ప్రసిద్ధమైన జూలియర్డ్ సంగీత విద్యాలయం, అన్నీ ఒకే ప్రాంగణంలో ఉంటాయి. 1959 మే 14న అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ స్వయంగా పార పట్టి శంకుస్థాపన చేశారు. 1962లో మొదటి హాలు తెరిచారు. గొప్ప కళాకారులు అక్కడ పాడారు, వాయించారు, ఇప్పటికీ వాయిస్తున్నారు. ఆ ప్రాంగణం మీద నాకు గౌరవం ఉంది. అయితే ఆ నేల మీద అంతకుముందు ఏముండేదో చెప్పకుండా ఆ హాళ్ల గురించి మాట్లాడటం నాకు చేతకాదు.

అక్కడ శాన్ హువాన్ హిల్ అనే పేట ఉండేది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, హార్లెం ఇంకా నల్లజాతివారి పేట కాకముందు, మాన్‌హట్టన్‌లో వాళ్లు పెద్ద సంఖ్యలో నివసించిన చోటు అదే. దక్షిణాది రాష్ట్రాల నుంచి, కరీబియన్ దీవుల నుంచి వచ్చినవాళ్లు ఉండేవారు. తరువాతి కాలంలో ప్యూర్టోరికో కుటుంబాలు వచ్చి చేరాయి. గాలీ వెలుతురూ సరిగా రాని ఇళ్లు, గదికి మించిన మనుషులు. రేవులో పనిచేసేవాళ్లు, ఇళ్లలో వంటా వాషింగూ చేసేవాళ్లు, లిఫ్టు నడిపేవాళ్లు.

ఆ పేటలో 62వ వీధిలో ఒక నేలమాళిగ ఉండేది. జంగిల్స్ కాసినో అనేవారు. కాగితాల మీద అది నృత్య పాఠశాల. ఎందుకంటే నల్లవాళ్లకు డాన్సు హాలు లైసెన్సు దొరకడం కష్టం. 1913 ప్రాంతంలో ఆ నేలమాళిగలో పియానో వాయించిన కుర్రవాడు జేమ్స్ పి. జాన్సన్. అక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది దక్షిణ కరొలైనా, జార్జియా తీరాల నుంచి వచ్చిన శ్రామికులు. తమ ఊళ్లలో ఆడే ఆటను ఇక్కడా ఆడాలనుకునేవారు. గుండ్రంగా తిరుగుతూ, కాళ్లు నేలకేసి కొడుతూ, అరుచుకుంటూ ఆడే ఆట. వాళ్ల అడుగులకు సరిపోయేలా తాను వరసలు కట్టానని జాన్సన్ తరువాత చెప్పాడు. 1923లో వాటిలో ఒకటి బ్రాడ్‌వే వేదిక ఎక్కింది. అదే చార్ల్స్‌టన్. కొద్ది సంవత్సరాల్లో అమెరికా, యూరప్ అంతా ఆ వరసకు కాళ్లు కదిపింది. పాఠశాలని చెప్పుకుంటే తప్ప తలుపు తెరవలేని నేలమాళిగలో, పగలంతా రేవులో బరువులు మోసినవాళ్ల అడుగుల్లోంచి వచ్చిన వరస అది.

జాజ్ పియానో కళాకారుడు థెలోనియస్ మంక్ ఆ పేటవాడే. 1917లో ఉత్తర కరొలైనాలో పుట్టాడు. 1922లో తల్లి పిల్లలను తీసుకుని ఇక్కడికి వచ్చింది. 63వ వీధిలో ఫిప్స్ హౌసెస్ అనే ఇళ్ల సముదాయంలో వాళ్లకు ఇల్లు దొరికింది. తక్కువ లాభానికి, శ్రామిక కుటుంబాల కోసం కాస్త శ్రద్ధగా కట్టిన ఇళ్లవి. మంక్ తన జీవితంలో ఎక్కువ భాగం ఆ ఇంట్లోనే గడిపాడు. ఈ విషయం గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

1949లో అమెరికా పార్లమెంటు ఒక గృహనిర్మాణ చట్టం చేసింది. నగరాలు మురికివాడలని ప్రకటించిన స్థలాలను కొని, ఖాళీ చేయించి, కొత్తగా కట్టేవారికి తక్కువ ధరకు అమ్మవచ్చు. ఆ నష్టంలో మూడింట రెండు వంతులు కేంద్ర ప్రభుత్వం భరిస్తుంది. న్యూయార్క్‌లో ఆ పని చూసిన సంఘానికి అధిపతి రాబర్ట్ మోసెస్. శాన్ హువాన్ హిల్‌లో మిగిలిన వీధులు, పక్కనున్న లింకన్ స్క్వేర్ వీధులు ఆ జాబితాలోకి ఎక్కాయి. సుమారు 7,000 కుటుంబాలు, 800 దుకాణాలూ చిన్న వ్యాపారాలూ ఖాళీ చేసి వెళ్లవలసి వచ్చింది. చాలామంది తమకు తోచిన చోటికి పోయారు. హార్లెంకు కొందరు, బ్రాంక్స్‌కు కొందరు. ఆ పేటలోని వాళ్ల ఇళ్లు నిజంగానే అధ్వానంగా ఉండేవి, అందులో అబద్ధం లేదు. ఇల్లు బాగుచేయమని అడిగినవాళ్లకు ఇల్లే లేకుండా చేయడం మాత్రం అన్యాయం.

ఫిప్స్ హౌసెస్‌ను కూల్చలేదు. అందువల్ల మంక్ ఇల్లు మిగిలింది. సంగీతానికి కట్టిన మహాభవనం పక్కనే, ఆ సంగీతాన్ని కొత్త దారి పట్టించిన మనిషి అద్దె ఇల్లు నిలబడి ఉంది. 2022 అక్టోబరులో ఆ ప్రాంగణంలోని పెద్ద హాలును బాగుచేసి తిరిగి తెరిచినప్పుడు, ట్రంపెట్ కళాకారుడు ఎటియెన్ చార్ల్స్ చేత శాన్ హువాన్ హిల్ మీదే ఒక సంగీత రచన చేయించి వినిపించారు. అది మంచి పని. అరవయ్యేళ్లు పట్టింది.

ఇక హార్లెం. 1904లో లెనాక్స్ అవెన్యూ వైపు భూగర్భ రైలు వస్తుందని తెలిసి, స్థిరాస్తి వ్యాపారులు అక్కడ బోలెడు ఇళ్లు కట్టేశారు. సంపన్న తెల్లవాళ్ల కోసం కట్టిన విశాలమైన ఫ్లాట్లు. కొనేవాళ్లు, అద్దెకు వచ్చేవాళ్లు అనుకున్నంత మంది లేరు. అప్పుడు ఫిలిప్ పేటన్ అనే నల్లజాతి వ్యాపారి ఇంటి యజమానుల దగ్గరకు వెళ్లి, ఖాళీగా ఉంచుకునే బదులు మావాళ్లకివ్వండి, మామూలుకన్నా ఎక్కువ అద్దె ఇప్పిస్తాను అన్నాడు. హార్లెం తలుపులు తెరుచుకున్నది అలా. అదనపు అద్దె అన్న ఆ షరతు చాలాకాలం ఆ పేటను వదలలేదు. అదే రకం ఇంటికి తెల్లవాళ్లకన్నా నల్లవాళ్లు ఎక్కువ కట్టేవారు, జీతం మాత్రం తక్కువ. వేరే పేటల్లో వాళ్లకు ఇల్లు ఇవ్వరు కనుక బేరమాడే దారి లేదు.

మరి నెలాఖరుకు అద్దె ఎలా? ఒక దారి, గదుల్లో కిరాయిదారులను పెట్టుకోవడం. ఇంకో దారి, అద్దె పార్టీ. దీని గురించి కాస్త ఆగి చెప్పాలి. అమెరికన్ సంగీత చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన అధ్యాయం ఇదే.

శనివారం రాత్రి ఇంట్లో సామానంతా ఒక గదిలోకి నెట్టేస్తారు. కుర్చీలు చాలకపోతే అంత్యక్రియల సామాను ఇచ్చే దుకాణం నుంచి మడత కుర్చీలు అద్దెకు తెస్తారు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు గురువారం సెలవు కనుక గురువారాలూ పార్టీలుండేవి. ముందుగా చిన్న చిన్న కార్డులు అచ్చువేయిస్తారు. బండి మీద అచ్చుయంత్రం పెట్టుకుని వీధుల్లో తిరుగుతూ ఆ కార్డులు అచ్చువేసి ఇచ్చేవాళ్లు ఉండేవారు. కార్డు మీద అద్దె అన్న మాట ఉండదు. విందు, వినోదం, ఫలానా వీధి, ఫలానా అంతస్తు, పైన రెండు పంక్తుల సరదా పద్యం. ప్రవేశానికి పావు డాలరు లాంటి చిన్న మొత్తం. లోపల వేయించిన చేప, ఉడికించిన పంది కాళ్లు, అన్నమూ బొబ్బర్లూ కలిపి వండినది. మద్యనిషేధం రోజులు కనుక దొంగచాటు సారా. ఇవన్నీ అమ్మకానికే. తెల్లారేసరికి డబ్బాలో చేరిన చిల్లర ఇంటి యజమానికి వెళుతుంది.

కవి లాంగ్‌స్టన్ హ్యూస్ ఆ కార్డులను పోగుచేసుకుని దాచాడు. దాదాపు ప్రతి శనివారం ఏదో ఒక ఇంటికి వెళ్లేవాడినని రాసుకున్నాడు. అచ్చుయంత్రం బండి మీద పుట్టిన ఆ రెండు పంక్తుల పద్యాలను సాహిత్యంగా చూసి దాచిన ఆ కవి కన్నుకు నేను దండం పెడతాను.

సంగీతం సంగతి చూడండి. అద్దె ఇల్లు, నిండా జనం. వాద్యబృందానికి చోటు లేదు, ఇవ్వడానికి డబ్బూ లేదు. ఉన్నది గోడకానించిన పియానో ఒకటే. మనుషులు ఆడాలంటే దానిలోంచే తాళమూ రావాలి, పాటా రావాలి. ఎడమచెయ్యి కిందిస్థాయిలో ఒక మంద్ర స్వరం కొట్టి, వెంటనే పైకి దూకి ఒక స్వరసముదాయం కొడుతుంది, మళ్లీ కిందికి దూకుతుంది. కుడిచెయ్యి పాటను అల్లుతుంది. దీన్నే స్ట్రైడ్ అన్నారు. ఎడమచేతిలో డ్రమ్సూ బాసూ రెండూ ఉంటాయి. జేమ్స్ పి. జాన్సన్, విల్లీ స్మిత్, వాళ్ల తరువాతి కుర్రవాడు ఫ్యాట్స్ వాలర్, వీళ్లు ఒకే రాత్రి రెండు మూడు ఇళ్లకు వెళ్లి వాయించేవారు. ఒకరు కూర్చున్న పియానో దగ్గరకు ఇంకొకరు వస్తే పోటీ. అదే పాటను ఇంకా వేగంగా, ఇంకా కొత్త మలుపులతో వాయించాలి. జాన్సన్ కట్టిన కరొలైనా షౌట్ ఆ పోటీల్లో పరీక్ష లాంటిది. అది వాయించలేనివాడిని ఎవరూ లెక్కలోకి తీసుకునేవారు కాదు. వాలర్ ఆ పాటను తనంతట తానే మోగే యంత్రపు పియానో నుంచి నేర్చుకున్నాడు. చిల్లుల కాగితపు చుట్ట తిరుగుతుంటే పియానో మెట్లు వాటంతటవే కిందికి దిగుతాయి. దిగిన మెట్ల మీద వేళ్లు పెట్టి పట్టుకున్నాడు. తరువాత జాజ్ సంగీతకర్తగా పేరు తెచ్చుకున్న, అప్పట్లో వాషింగ్టన్‌లో ఉన్న డ్యూక్ ఎల్లింగ్టన్ కూడా ఆ చుట్టనే నెమ్మదిగా తిప్పుకుంటూ నేర్చుకున్నాడు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ కథ విన్నాక చాలామంది, చూశారా, పేదరికంలోంచే గొప్ప కళ వస్తుంది అంటారు. ఆ మాట వింటే నాకు కోపం వస్తుంది. ఆ అద్దె దోపిడీ. ఆ దోపిడీ లేకపోతే వాళ్లకు పాట రాదనుకోవడం వాళ్లను అవమానించడమే. పాటకు కావలసినవి అక్కడ వేరే ఉన్నాయి. వాయిదాల మీద కొన్న పియానో ఉంది. సంపన్నుల కోసం కట్టిన పెద్ద ముందు గది ఉంది. నడిచి వెళ్లగలిగే దూరంలో తనకన్నా బాగా వాయించేవాడు ఉన్నాడు. తప్పు వాయిస్తే నవ్వి, బాగా వాయిస్తే తెల్లవారే దాకా కదలని శ్రోతలున్నారు. ఇవి పేదరికం ఇచ్చినవి కావు. ఇరుగుపొరుగు ఇచ్చినవి.

ఆ పేటలోనే 135వ వీధిలో ఒక శాఖా గ్రంథాలయం ఉంది. 1926లో ఆర్టూరో షోంబర్గ్ జీవితమంతా సేకరించిన నల్లజాతి పుస్తకాలు, చిత్రాలు, రాతప్రతులు 10,000 డాలర్లకు కొని అక్కడ పెట్టారు. కార్నెగీ సంస్థ ఆ డబ్బు ఇచ్చింది. నేటి షోంబర్గ్ పరిశోధన కేంద్రానికి మూలం అదే. నాకు మాత్రం పుస్తకాలతో పాటు ఆ భవనపు నేలమాళిగ ముఖ్యం. 1940లో అమెరికన్ నీగ్రో థియేటర్ అనే బృందం అక్కడ మొదలైంది. హ్యారీ బెలఫాంటే, రూబీ డీ అక్కడ నటించారు. సిడ్నీ పాయిటియే అనే యువకుడికి మొదట ప్రవేశం దొరకలేదు. నేల ఊడ్చి, శుభ్రం చేసే పని చేస్తాను, బదులుగా పాఠాలు చెప్పండి అని అడిగాడు. తరువాత హాలీవుడ్‌లో పెద్ద నటుడైన కథ ప్రపంచానికి తెలుసు. గ్రంథాలయం వాళ్లు నేలమాళిగకు తాళం వేసుకుని, ఇది పుస్తకాల చోటు, నాటకాలకు కాదు అని ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

తాళం వేసినవాళ్లూ ఉన్నారు. 1926లోనే నగరం క్యాబరే చట్టం తెచ్చింది. లైసెన్సు లేని హోటల్లో, బారులో జనం లేచి ఆడకూడదు. హార్లెం క్లబ్బుల్లో తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి ఆడటం మీద ఉన్న కంటగింపు దాని వెనుక ఉందని చరిత్రకారులు చెబుతారు. తరువాత ఈ చట్టం కింద విచిత్రమైన నిబంధనలు వచ్చాయి. లైసెన్సు లేని చోట పియానో, తీగవాయిద్యాలు వాయించవచ్చు, డ్రమ్స్, బాకాలు వాయించకూడదన్న నియమం చాలాకాలం నడిచింది. 1980లలో కోర్టు దాన్ని కొట్టివేసింది. ఆడటం మీద నిషేధం మాత్రం 2017 దాకా ఉంది. తొంభై ఏళ్లు!

1940 నుంచి 1967 వరకు ఇంకో ఏర్పాటు ఉండేది. మద్యం అమ్మే చోట పాడాలన్నా, వాయించాలన్నా, వడ్డించాలన్నా పోలీసులిచ్చే కార్డు ఉండాలి. చిన్న కేసున్నా కార్డు పోతుంది. 1947లో జైలుకు వెళ్లొచ్చిన జాజ్ గాయని బిల్లీ హాలిడేకు కార్డు ఇవ్వలేదు. కార్నెగీ హాలులో మద్యం అమ్మరు కనుక అక్కడ పాడవచ్చు. 1948లో ఆ హాలు కిక్కిరిసేలా పాడింది. తన పాటకు పుట్టిల్లైన చిన్న క్లబ్బుల్లో పాడటానికి మాత్రం ఆమెకు అర్హత లేదు. 1951లో మంక్ కార్డు కూడా తీసేశారు. ఆరేళ్లు న్యూయార్క్ క్లబ్బుల్లో ఆయనకు వేదిక దాదాపు లేదు. ఆ కాలంలో ఆయనకు మిగిలింది 63వ వీధిలోని ఆ అద్దె ఇల్లు, అందులోని పియానో. అక్కడే సాధన, అక్కడే రచన, తోటి వాయిద్యకారులు వచ్చిపోయేదీ అక్కడికే. 1957లో కార్డు తిరిగి వచ్చాక ఫైవ్ స్పాట్ అనే చిన్న బారులో శాక్సఫోన్ కళాకారుడు జాన్ కోల్ట్రేన్‌తో కలిసి నెలల తరబడి వాయించాడు. జనం వీధిలో బారులు తీరారు. ఆ ఆరేళ్లలో ఆ ఇంటి అద్దె కూడా ఆయన చేతిలోంచి జారిపోయి ఉంటే? అందరికీ అందే అద్దెకు ఇల్లు ఇవ్వాలని 1900లలో ఎవరో కట్టిన ఇళ్లు, యాభై ఏళ్ల తరువాత ఒక సంగీతాన్ని కాపాడాయి. కళకు సహాయం అంటే అవార్డు, శాలువా అనుకునేవాళ్లందరికీ నేను ఈ ఇంటిని చూపించాలనుకుంటాను.

ఇప్పుడు ఉత్తరానికి, బ్రాంక్స్‌కు వెళదాం. 1948లో క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్ వే పని మొదలైంది. మళ్లీ రాబర్ట్ మోసెసే. ఈస్ట్ ట్రెమాంట్ అనే పేటలో ఒక్క మైలు రోడ్డు కోసమే 1,500కు పైగా ఇళ్లు తీసేశారు. వీధులు తెగిపోయాయి, ఉండగలిగినవాళ్లు వెళ్లిపోయారు. 1970లలో నగరం దివాలా అంచున ఉన్నప్పుడు అగ్నిమాపక కేంద్రాలు కొన్ని మూసేశారు. బీమా డబ్బు కోసం కొందరు యజమానులు తమ ఇళ్లనే తగలబెట్టించారు. దక్షిణ బ్రాంక్స్‌లో వీధులకు వీధులు బూడిదయ్యాయి.

ఆ రోజుల్లోనే, 1973 ఆగస్టు 11న, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే అపార్టుమెంటు కింది అంతస్తులోని వినోదపు గదిలో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి పార్టీ పెట్టింది. బడి తెరిచేలోపు కొత్త బట్టలు కొనుక్కోవడానికి డబ్బు కావాలి. ఆహ్వానాలు కార్డుల మీద చేత్తో రాశారు. ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు. సిండీ అన్న క్లైవ్ పాటలు వేశాడు. కూల్ హెర్క్ అని పిలిచేవారు. జమైకా నుంచి 1967లో వచ్చిన కుటుంబం. వాళ్ల నాన్న దగ్గర పెద్ద స్పీకర్ల సెట్టు ఉండేది. పాటలో గాయకుడు ఆగి, డ్రమ్స్ మాత్రమే మోగే కొద్ది క్షణాల కోసం ఆడేవాళ్లు ఎదురుచూస్తున్నారని హెర్క్ గమనించాడు. ఒకే రికార్డు రెండు ప్రతులు రెండు టర్న్‌టేబుళ్ల మీద పెట్టి, ఒకదానిలో ఆ ముక్క అయిపోగానే రెండోదానిలో మళ్లీ అదే ముక్క అందుకునే పద్ధతి పట్టాడు. కొద్ది క్షణాల ముక్క నిమిషాల తరబడి సాగింది. హిప్ హాప్ సంగీతానికి ఆ రాత్రినే పుట్టినరోజుగా లెక్కపెడతారు.

చార్ల్స్‌టన్ వరసకూ దీనికీ అరవయ్యేళ్ల దూరం. రెండుచోట్లా వాయించేవాడు తన వేళ్లకన్నా ఎదుటివాళ్ల కాళ్లను ఎక్కువగా చూశాడు. ఎదురుగా ఆడేవాళ్లు వీధిలో రోజూ కనిపించే మనుషులు. ఏ ముక్కకు వాళ్ల ముఖం వెలిగిందో దాన్ని పట్టుకోవడం ఆ గదిలోనే కుదురుతుంది.

ఇంకొకటి. గ్రాండ్ విజర్డ్ థియొడోర్ అని పేరు తెచ్చుకున్న కుర్రవాడు 1975 ప్రాంతంలో బడి నుంచి వచ్చి గదిలో పెద్ద శబ్దంతో రికార్డులు వేసుకుంటున్నాడు. తల్లి తలుపు దగ్గరకు వచ్చి శబ్దం తగ్గించమని కోప్పడింది. ఆమె మాట్లాడుతున్నంతసేపూ అతను తిరుగుతున్న రికార్డును చేత్తో పట్టి ఆపాడు, ముందుకూ వెనక్కూ జరిపాడు. అప్పుడు వచ్చిన గీకుడు శబ్దం అతనికి నచ్చింది. దాన్ని సాధన చేసి కొత్త వాద్యంగా మార్చాడు. టర్న్‌టేబుల్ మీద స్క్రాచింగ్ అలా వచ్చిందని ఆయనే చెప్పాడు. పలచటి గోడ, కోప్పడే తల్లి, ఇరుకు గది. రోజువారీ బతుకులోంచి కళ వస్తుందంటే ఇదే నాకు గుర్తొస్తుంది.

వేసవిలో వాళ్లు పార్కుల్లోకి వచ్చారు. వీధి దీపపు స్తంభం నుంచి కరెంటు తీసుకుని స్పీకర్లు మోగించారు. చట్టం ప్రకారం తప్పే. ఆ పేటకు నగరం చివరికి మిగిల్చిన సదుపాయం ఆ దీపపు స్తంభమే.

2007లో ఆ సెడ్జ్‌విక్ భవనం మీద ఇంకో ఆపద వచ్చింది. మధ్యతరగతికి అందే అద్దెలుండేలా ప్రభుత్వ పథకం కింద కట్టిన ఇళ్లవి. యజమానులు ఆ పథకం నుంచి బయటపడి అమ్ముకోవాలనుకున్నారు. అద్దెదారులు సంఘంగా ఏర్పడ్డారు. హెర్క్ వాళ్లతో నిలబడ్డాడు. ఇది హిప్ హాప్ పుట్టిన ఇల్లని నగరమంతా వినేలా చెప్పారు. అయినా భవనం పెట్టుబడిదారుల చేతికి వెళ్లింది, మరమ్మతులు లేక పాడైంది. చివరికి 2010, 2011లలో నగరపు సాయంతో, అందుబాటు అద్దెలను కాపాడే సంస్థ ఒకటి దాన్ని చేపట్టింది. ఆ పోరాటంలో నాకు నచ్చినది, వాళ్లు భవనానికి రాతిఫలకం అడిగి ఊరుకోలేదు. అందులో మనుషులు ఉండగలగాలని అడిగారు.

సోహో గురించి త్వరగా చెబుతాను, ఆ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఫ్యాక్టరీలు పోగా ఖాళీ అయిన ఇనుప స్తంభాల భవనాల్లో 1960లలో చిత్రకారులు, శిల్పులు చేరారు. నివాసానికి అనుమతి లేని భవనాలు. నిప్పంటుకుంటే లోపల మనిషి ఉన్నాడని తెలియడానికి తలుపు దగ్గర చిన్న బోర్డు పెట్టుకునేవారు. 1971లో కళాకారులకు మాత్రం అక్కడ నివసించే హక్కు ఇచ్చారు. పేరు వచ్చింది, గ్యాలరీలు వచ్చాయి, తరువాత ఖరీదైన దుకాణాలు వచ్చాయి, అద్దెకున్న కళాకారులు వెళ్లిపోయారు. నగరాల గురించి రాసిన జేన్ జేకబ్స్ ఆ నగరంలోనే హడ్సన్ వీధిలో ఉంటూ 1961లోనే హెచ్చరించింది, కొత్త ఆలోచనలకు పాత భవనాలు కావాలని. కొత్త భవనం కట్టిన అప్పు తీర్చాలంటే అద్దె ఎక్కువ ఉండాలి, ఇంకా పేరు రానివాడు ఆ అద్దె కట్టలేడు. లెక్క అంత సూటిగా ఉంది.

లోయర్ ఈస్ట్ సైడ్‌లో 1973 ప్రాంతంలో మిగెల్ అల్గరీన్ అనే అధ్యాపకుడు తన ఇంటి ముందు గదిలో ప్యూర్టోరికో కవులను కూర్చోబెట్టేవాడు. గది చాలనంత మంది వచ్చారు. న్యూయోరికన్ పొయెట్స్ కఫే అలా మొదలైంది. తరువాత ఆ సంస్థ 3వ వీధిలో సొంత భవనం సంపాదించుకుంది, అందుకే చుట్టూ అద్దెలు ఎంత పెరిగినా నిలిచింది. అదే పేటలో, బ్రాంక్స్‌లో, బ్రూక్లిన్‌లో కాలిపోయిన ఇళ్ల ఖాళీ స్థలాల్లో జనం చెత్త ఎత్తి తోటలు వేశారు. కొన్నిచోట్ల చిన్న చెక్క ఇల్లు కట్టి, సాయంత్రాలు డప్పులతో ప్యూర్టోరికో పాటలు పాడుకునేవారు. 1999లో నగర ప్రభుత్వం ఆ తోటల్లో 114 స్థలాలను వేలం వేయబోయింది. వేలానికి ముందురోజు రెండు సంస్థలు, వాటిలో ఒకటి నటి బెట్ మిడ్లర్ పెట్టినది, 42 లక్షల డాలర్లకు అన్నీ కొని కాపాడాయి. ఆ తోటలు పెంచినవాళ్లు ఏళ్ల తరబడి చేసిన శ్రమకు ధర కట్టి, వాళ్ల నగరమే వాళ్లకు తిరిగి అమ్మింది. కాపాడినవాళ్లకు కృతజ్ఞతలు. ఆ అవసరం రాకూడదని మాత్రం నా అభిప్రాయం.

చివరగా, మంచి ఏర్పాటు ఒకటి చెప్పాలి. హెల్స్ కిచెన్ పేటలో 43వ వీధిలో మాన్‌హట్టన్ ప్లాజా ఉంది. 46 అంతస్తుల గోపురాలు రెండు, దాదాపు 1,700 ఇళ్లు. మధ్యతరగతికని కట్టారు. కట్టేసరికి ఆ పేటకు అంత అద్దె ఇచ్చి వచ్చేవాళ్లు లేరు. 1977లో కేంద్ర ప్రభుత్వ అద్దె సాయంతో దాన్ని రంగస్థల కళాకారులకు తెరిచారు. నటులు, వాయిద్యకారులు, నర్తకులు, తెర వెనుక పనిచేసేవాళ్లు. ఇళ్లలో 70 శాతం వాళ్లకు. 15 శాతం ఆ పేటలోని వృద్ధులకు, ఇంకో 15 శాతం ఆ పేటలోనే అధ్వానమైన ఇళ్లలో ఉంటున్నవాళ్లకు. అద్దె ఆదాయంలో ఒక వంతు, ఇప్పుడు సుమారు 30 శాతం. నాటకం ఆడుతున్న నెలలో ఎక్కువ కడతారు, పని లేని నెలలో తక్కువ కడతారు. కళాకారుడి ఆదాయం ఎలా వస్తుందో తెలిసినవాళ్లు రాసిన నియమం ఇది.

గాయని అలీషా కీస్ అక్కడే పెరిగింది. నటుడు శామ్యూల్ ఎల్. జాక్సన్ పేరు రాకముందు అక్కడే కాపలా ఉద్యోగం చేశాడు. ఈ పేర్లు చెబితే మీ ముఖాల్లో ఆసక్తి కనిపిస్తోంది, సంతోషమే. నాకు మాత్రం పేరు రానివాళ్ల సంగతే ఎక్కువ ముఖ్యం. జీవితమంతా చిన్న పాత్రలు వేసి, బృందగానంలో మూడో వరసలో నిలబడి, వృద్ధాప్యంలో కూడా థియేటర్లకు నడిచి వెళ్లగలిగే ఇంట్లో ఉన్నవాళ్లు. 1980లలో ఎయిడ్స్ వ్యాధి ఆ భవనాన్ని దారుణంగా తాకింది. అప్పుడు ఇరుగుపొరుగువాళ్లే కలిసి, జబ్బుపడ్డవాళ్లకు వండిపెట్టారు, పక్కన కూర్చున్నారు, ఆస్పత్రులకు తీసుకెళ్లారు. ఒకే చోట ఏళ్ల తరబడి ఉండగలిగారు కనుక ఒకరికొకరు తెలుసు.

శాన్ హువాన్ హిల్ నుంచి 7,000 కుటుంబాలను లేపినప్పుడూ ప్రభుత్వం డబ్బు ఖర్చు పెట్టింది, మాన్‌హట్టన్ ప్లాజాలో అద్దె సాయానికీ ఖర్చు పెడుతోంది. రెండూ కళ పేరు మీద పెట్టిన ఖర్చులే. ఇలాంటి ఖర్చును ఎలా నిర్ణయించాలి, కళాకారుడెవరో ఎవరు తేలుస్తారు, అదే పేటలో కళతో సంబంధం లేని పేదవాడి మాట ఏమిటి అన్న ప్రశ్నలు మీకు వచ్చి ఉంటాయి. న్యాయమైన ప్రశ్నలు. వాటిని మీతో కలిసి మాట్లాడాలని ఉంది. ముందు వరసలో చెయ్యెత్తిన అమ్మగారితో మొదలుపెడదాం, మైకు అటు అందించండి.